గుగ్గిలం పొగ, గుసగుసల పెట్టె

ముందే ఒప్పేసుకుంటే తర్వాత పట్టుబడే బాధ ఉండదు. నేను ఏ సంగతినీ ఉన్నది ఉన్నట్టు చెప్పలేను. మా పెరట్లో తేలు కనబడితే, వీధి చివరికి వెళ్లేసరికి అది పీతంత అవుతుంది, బస్టాండు చేరేసరికి మేకపిల్లంత. మా ఆవిడ నేను చెప్పే ప్రతి అంకెనీ మూడుతో భాగించి వింటుంది. పెళ్లయిన కొత్తలో రెండుతోనే భాగించేది. మీరు కూడా మీకు తోచిన అంకెతో భాగించుకోండి. అయితే ఇందులో ఒక్క ముక్క మాత్రం సాగదీసింది కాదు, అచ్చంగా అల్లింది. అదేదో చివర్లో నేనే చెప్పేస్తాను.

మొన్నామధ్య మా అమ్మకి చెవిలో పెట్టుకునే మిషను తెచ్చాం. జీడిపప్పు బద్దంత ఉంది. డాక్టరమ్మ దాన్ని కంప్యూటరుకి తగిలించి, ఏవేవో నొక్కి, అమ్మ చెవిలో దూర్చింది. అమ్మ ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, "బాగానే వినబడతంది. ఇంక మీరందరూ అరవడం మానండి" అంది.

ఇంటికి రాగానే నిచ్చెన వేసుకుని అటకెక్కాను. పనికిరాని ఫ్యాను రెక్కల వెనకాల, నాన్న పాత ట్రంకు పెట్టె కింద, నేను అనుకున్న చోటే ఉంది. గులాబి రంగు ప్లాస్టిక్ సబ్బు పెట్టె. మూతకి సూదితో కాల్చి పెట్టిన చిల్లులు, పక్కన ఇయర్‌ఫోను గుచ్చడానికి రెండు సాకెట్లు, మూత ఊడకుండా చుట్టూ సైకిల్ ట్యూబు కోసి వేసిన రబ్బరు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుగ్గిలం వాసన.

అది చేసేనాటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఇంటర్మీడియట్ ఫిజిక్సు రెండోసారి తప్పి, ఎలక్ట్రానిక్సులో ప్రపంచాన్ని ఏలదామని తీర్మానించుకున్న రోజులు. నేర్పేవాళ్లు ఎవరూ లేరు. బస్టాండు దగ్గర రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేసే మేస్త్రీ గారు ఒకరుండేవారు. చూస్తే విద్య పోతుందని బల్లని గోడవైపు వేసుకుని, జనానికి వీపు చూపించి పనిచేసేవారు. నర్సీపట్నంలో ఆయన మొహం ఎరిగినవాళ్లు పదిమంది కూడా ఉండరు, ఆ వీపు మాత్రం ఏజెన్సీ కొండల దాకా ప్రసిద్ధి. నేను రెండేళ్లు ఆ వీపు దగ్గర చదువుకున్నాను. కుడి మోచెయ్యి తిరిగితే స్క్రూ విప్పుతున్నట్టు. భుజాలు వంగితే టంకం పెడుతున్నట్టు. మెడ గోక్కుంటే జబ్బేమిటో తెలియలేదన్నట్టు. ఆయన విసిరేసిన పార్టులున్న డబ్బాలోంచి ఏరుకోవడానికి మాత్రం అడ్డు చెప్పేవారు కాదు. అది నా లైబ్రరీ.

రెండో గురువు, పాత పేపర్లు తూకానికి కొనే కొట్టు. అందులో ఎలక్ట్రానిక్సు గురించి ఇంగ్లీషు పత్రికలు అప్పుడప్పుడు దొరికేవి. కాకపోతే సర్క్యూట్ బొమ్మ ఉన్న పేజీ దొరికితే, దాని వివరం ఉన్న పేజీ అప్పటికే బజ్జీల పొట్లమై ఊళ్లోకి వెళ్లిపోయేది. నేను బజ్జీలు కొన్నదంతా చదువు కోసమే. అమ్మ నమ్మలేదు.

రెసిస్టర్లని సన్నపాటి గింజల్లాంటివి ఉంటాయి, కరెంటుకి అడ్డుపడేవి. వాటి మీద రంగు గీతలే అంకెలు. ఆ వరస ఇంగ్లీషులో ఎంతకీ బుర్రకెక్కక, మా ఇంట్లో కనబడే సరుకులతో కట్టుకున్నాను. నలుపు గేదె సున్నా, గోధుమరంగు బెల్లం ఒకటి, ఎరుపు మిరపకాయ రెండు, కనకాంబరం మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ చెరుకాకు ఐదు, నీలం సిరా ఆరు, వంకాయ ఏడు, బూడిద ఎనిమిది, తెల్లన్నం తొమ్మిది. అంతే, ఎలక్ట్రానిక్సు అంతా వంటిల్లయిపోయింది. మొదటి రెండు గీతలు అంకెలు, మూడోది వాటి పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో చెబుతుంది. పసుపు, వంకాయ, మిరపకాయ వరసగా ఉంటే నాలుగు వేల ఏడు వందల ఓములు. ఇప్పటికీ ఎవరైనా నాకు వంకాయ కూర వడ్డిస్తే ముందు విలువ చదువుతాను, తర్వాత తింటాను.

ఇంత విద్య పెట్టుకుని నేను చేసిందేమిటంటే, ఇంట్లో ఉన్న టార్చిలైటు వెలక్కుండా చెయ్యడం, గోడ గడియారం వెనక్కి తిరిగేలా చెయ్యడం. షాకులు ఒక నాలుగు వందలు తగిలి ఉంటాయి. (భాగించండి.) నాన్న చెరుకు తోటలోంచి వచ్చి, "ఈ గుంటడు ఇంకో వస్తువు ముట్టుకుంటే సామాన్లన్నీ పాత ఇనుములోకి వేసేస్తాను" అని రోజూ ఒకసారి చెప్పేవాడు. నిజంగా పనికొచ్చే వస్తువు ఒక్కటైనా చెయ్యాలన్న పౌరుషం అలా పుట్టింది. కానీ అసలు కారణం పౌరుషం కాదు. మా నాన్నమ్మ.

నాన్నమ్మకి ఒక జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ ఆవిడ వినికిడిని కూడా పట్టుకుపోయింది. పూర్తిగా కాదు. చెవి దగ్గర అరిస్తే వినబడేది. మిషను పెట్టిద్దామని నాన్న అన్నాడు, గానుగ పని అయ్యాక అన్నాడు. గానుగ అయింది, మళ్లీ చెరుకు పెరిగింది, మళ్లీ గానుగ వచ్చింది. ఈలోగా ఇంట్లో ఆవిడతో మాటలు మూడుకి దిగాయి. "అన్నం!" "మాత్ర!" "పడుకో!" మూడూ అరుపులే.

ఆవిడకి ఒక చెల్లెలు, మాకవరపాలెంలో ఉండేది. మాకు చిన నాన్నమ్మ. ప్రతి సంత రోజునా బస్సు దిగి, సంతలో పని చూసుకుని, మధ్యాహ్నానికి మా అరుగు మీదకి చేరేది. అక్కచెల్లెళ్లిద్దరూ తలలు ఆనించుకుని గుసగుసలాడేవారు. చుట్టుపక్కల మండలాల్లో జరిగిందీ, జరగబోయేదీ, జరక్కపోయినా జరిగితే బాగుండేదీ, అన్నీ ఆ అరుగు మీద తేలిపోయేవి. జ్వరం తర్వాత వచ్చిన మొదటి సంతకి చిన నాన్నమ్మ అలవాటుగా చెవిలో ఏదో ఊదింది.

"ఏటీ?" అంది నాన్నమ్మ.

ఇంకొంచెం గట్టిగా చెప్పింది.

"ఏటే? గొంతులో ముద్దడ్డం పడ్డాదేటి? సరిగ్గా సెప్పు."

చిన నాన్నమ్మకి ఓపిక పోయింది. "పక్కింటి కోడలు అలిగి కోటవురట్ల ఎల్లిపోనాదటే అప్పా!" అని అరిచింది.

గోడ అవతల నుంచి పక్కింటావిడ గొంతు వచ్చింది. "అలిగి కాదమ్మా, పురిటికెల్లింది!"

ఆ దెబ్బతో గుసగుసలు ఆగిపోయాయి. చిన నాన్నమ్మ వచ్చేది, ఆకూవక్కా వేసుకునేది, అక్క చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని బస్సు టైముకి లేచేది. రహస్యం లేకపోతే వాళ్లకి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? మూడేళ్లు అలా గడిచాక ఒక సంత రోజున వెళ్తూ వెళ్తూ అమ్మతో అంది: "ఒచ్చే సంతకొచ్చి ఇంక ఆపేస్తానమ్మా. మోకాళ్లు పట్టేసినాయి. బస్సెక్కి ఇంత దూరం ఒచ్చి గోడని సూసినట్టు సూసుకుని ఎల్లడానికి ఎందుకు సెప్పు?"

నాన్నమ్మకి ఆ మాట వినబడలేదు, కానీ అర్థమైపోయింది. చెల్లెలు వీధి మలుపు తిరిగేదాకా చూసి, నాతో అంది: "కేకలెయ్యడానికి ఇంటినిండా జనం ఉన్నారురా గుంటడా. మెల్లగా మాటాడిన మనిషే లేదు."

అంటే నాకున్నది సంత నుంచి సంతకి, ఒక్క వారం. అరుపు కాదు, గుసగుస వినబడాలి.

నా దగ్గర బజ్జీల కొట్టుకి చిక్కకుండా తప్పించుకున్న ఒక సర్క్యూట్ బొమ్మ ఉంది. చిన్న మైకు, మూడు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు రెసిస్టర్లు, రెండు పెన్సిల్ సెల్లు, ఇయర్‌ఫోను. మైకు ఒక చచ్చిపోయిన టేపురికార్డరులోంచి పీకాను. ట్రాన్సిస్టర్లు మేస్త్రీ గారి డబ్బాలో దొరికాయి. చిక్కల్లా అతకడం దగ్గర. నేను పెట్టిన సీసం తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయేది తప్ప తీగకి అంటేది కాదు. మేస్త్రీ గారి వీపు దగ్గరికెళ్లి మొరపెట్టుకున్నాను. నలభై నిమిషాల తర్వాత వీపు పలికింది.

"గోధుమరంగు గెడ్డ ఉంటాది. ఏడి తగిల్తే కరుగుతాది, బంకలాగ సాగుతాది. ముందు అదెట్టాల."

"దాని పేరేటండీ?"

వీపు మెడ గోక్కుంది. అంతే. పాఠం అయిపోయింది.

గోధుమరంగు గెడ్డ, వేడికి కరుగుతుంది, బంకలా సాగుతుంది. చెరుకు పండించే ఇంట్లో పుట్టినవాడికి ఇంకా వివరం ఎందుకు? సరాసరి వంటింట్లోకి వెళ్లి బెల్లం అచ్చు కొట్టి తెచ్చుకున్నాను. సోల్డరింగ్ ఐరన్ తగిలించగానే బెల్లం బుసబుసా పొంగింది, పాకం వచ్చింది, ఇల్లంతా అరిసెల వాసన. నిజం చెప్పొద్దూ, కొన్ని అతుకులు అంటుకున్నాయి కూడా. తీగలు అంటుకున్నది సీసం వల్ల కాదనీ, ముదురు పాకం వల్లననీ అప్పుడు తెలియలేదు. సెల్లు వేశాను. ఇయర్‌ఫోనులో గుర్రుమని ఒక శబ్దం వచ్చింది. ఆ ఒక్క గుర్రుకే నేను వీధి చివరిదాకా పరిగెత్తి వచ్చాను.

తెల్లారి చూసేసరికి చీమలు. మామూలుగా కాదు. నర్సీపట్నం చీమలు, బలిఘట్టం చీమలు, దారిలో కలిసిన చుట్టపు చీమలు, అన్నీ నా సర్క్యూట్ మీద బారులు తీరి సంతర్పణ చేసుకుంటున్నాయి. అతుకులన్నీ ఊడొచ్చాయి. ఒక ట్రాన్సిస్టరుని అయితే మోసుకుపోయి గుమ్మం దాకా చేర్చాయి. అమ్మ చీపురు పట్టుకుని వచ్చి, చూసి, నవ్వలేక కూలబడింది.

"ఓరి ఎర్రి గుంటడా, రేడియోకి బెల్లం ఎడతారేట్రా ఎక్కడైనా?"

వారంలో నాలుగు రోజులు చీమలు తినేశాయి. ఐదో రోజు పెద్ద వీధిలో, కొండ నుంచి దిగిన ఒక ఆవిడ గోనె పరిచి కూర్చుని ఉంది. చింతపండు, కుంకుడుకాయలు, చీపుర్లు, పక్కనే ఆకు దొన్నెలో గోధుమరంగు గెడ్డలు. నేను ఆగిపోయాను.

"ఇదేటమ్మా?"

"గుగ్గిలం బాబూ. పూజకా, దెయ్యానికా?"

"రేడియోకి."

ఆవిడ నన్ను కిందనించి మీదికి చూసింది. పక్కనున్న ఇంకో ఆవిడకి నా గురించి కొండ మాటలో ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఒక గెడ్డ తీసి, చుట్ట నిప్పుకి అంటించి నా ముక్కు దగ్గర పెట్టింది. కరిగింది. బంకలా సాగింది. "సెట్టు కన్నీరిది. దేనికైనా అంటుకుంటాది" అంది. ఫిజిక్సు పుస్తకాల్లో ఇంత చక్కగా చెప్పినవాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

ఆ మధ్యాహ్నం గది తలుపేసుకుని మొదలుపెట్టాను. గుగ్గిలం మీద ఐరన్ ఆనించి, ఆ తడి మొనని తీగకి తాకిస్తే, సీసం పిల్లి పాలు తాగినట్టు చప్పుడు లేకుండా చుట్టూ పాకిపోయింది. జీవితంలో అంత అందమైన దృశ్యం నేను రెండోది చూడలేదు. నా పెళ్లి కూడా తర్వాతే. (ఇది మా ఆవిడ భాగించదు, గుణిస్తుంది.) అతుకు అతుకుకీ గుప్పున పొగ. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి వీధిలోకి. ఎదురింటాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడని నేను అందరితో చెప్తుంటాను. నాన్నమ్మ మాత్రం నిజంగా వచ్చింది. చెవులు పోయాక ఆవిడ ముక్కు రెండింతలైంది. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, గుమ్మంలో నిలబడింది.

"ఏ పూజరా ఇది? నన్ను పిలవనేలేదు."

నేను కళ్లు తుడుచుకుంటూ, పొగకే, సబ్బు పెట్టె చూపించాను. అప్పటికే అందులో అన్నీ సర్దేశాను. పక్కన రెండు సాకెట్లు పెట్టాను. ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని. ఎలక్ట్రానిక్సు మనిషన్నాక స్పేరు లేకుండా అడుగు వెయ్యడు.

ఇయర్‌ఫోను ఆవిడ చెవిలో పెట్టి స్విచ్చి వేశాను. కుయ్యిమని ఒక్క ఈల. మా వీధి కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. నాన్నమ్మ ఇయర్‌ఫోను పీకి నా నెత్తి మీద కొట్టింది.

"ఓలమ్మో! బుర్రలోంచి రైలెల్లిపోనాది!"

మైకు ఇయర్‌ఫోనుకి మరీ దగ్గరైతే అలా కూస్తుందని అర్థం కావడానికి ఒక పగలంతా పట్టింది. తీగ పొడుగు చేసి, పెట్టెని ఆవిడ ఒళ్లో పెట్టాను. ఈల ఆగింది. తర్వాత చప్పుడు ఎక్కువైంది. కాకి అరిస్తే ఉలిక్కిపడింది, గిన్నె పడితే నన్ను తిట్టింది. ఒక రెసిస్టరు తీసి ఇంకోటి పెట్టాను, మళ్లీ తీశాను, మళ్లీ పెట్టాను. చివరికి సరిపోయింది ఏది అనుకున్నారు? పసుపు, వంకాయ, మిరపకాయ. దూరంగా కూర్చుని, మామూలు గొంతుతో, "నాన్నమ్మా" అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. నా గుండె గానుగలో పడ్డట్టయింది. కొంచెం ఆగి అంది:

"వినబడ్డాదిలే. మళ్లీ అంటావేమో అని సూస్తన్నాను."

కానీ అది మామూలు గొంతు. గుసగుస సంగతి తేలాల్సింది మర్నాడు.

సంత రోజు మధ్యాహ్నం చిన నాన్నమ్మ వచ్చింది. మోకాళ్లు పట్టుకుని అరుగెక్కి, సంచీ దించింది. అమ్మ ఆవిడకి, నాన్నమ్మకి అక్కడే అన్నం పెట్టింది. ఆనపకాయ పులుసు. తిన్నాక ఆకూవక్కా. తర్వాత చిన నాన్నమ్మ చూపు అక్క ఒళ్లో ఉన్న గులాబి రంగు సబ్బు పెట్టె మీద పడింది.

"ఏటే అప్పా ఇది? తానానికెల్తన్నావేటి?"

"నా మనవడు సేసినాడు. దీనికి సెప్తే నాకు సెప్పినట్టే."

"సబ్బు పెట్టికా?"

"సెప్పవే బేగి. ఈడు పరీక్ష తప్పిన మొహమేసుకుని నిలబడ్డాడు, పాపం."

నేను నిలబడితే వాళ్లు మాట్లాడరని లోపలికి వెళ్లిపోయాను. కిటికీలోంచి చూశాను. చిన నాన్నమ్మ అటు చూసింది, ఇటు చూసింది, గోడ అవతలికి చూసింది. వంగింది. అక్క ఒళ్లో తల పెట్టుకునేంతగా వంగి, సబ్బు పెట్టె చిల్లుల దగ్గర మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెదాలు కదిపింది.

నాన్నమ్మ కదల్లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. అప్పుడు ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వు. మూడేళ్లుగా ఆ ఇంట్లో వినబడని నవ్వు, పైట నోట్లో కుక్కుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతూ. చెల్లెలి వీపు మీద చరిచింది. తను కూడా వంగి ఏదో అంది. ఇద్దరూ ఒకేసారి వంటింటి వైపు చూశారు, మళ్లీ నవ్వారు. గుమ్మంలో ఉన్న అమ్మకి అర్థం కాకపోయినా తను కూడా నవ్వింది. చిన నాన్నమ్మ ఆ రోజు రెండు బస్సులు వదిలేసుకుంది. తర్వాత సంతకీ వచ్చింది. నాన్నమ్మ ఉన్నంతకాలం వచ్చింది. ప్రతిసారీ ఆ పెట్టెకి నమస్కారం పెట్టుకుని మొదలుపెట్టేది. నా సామాన్లు పాత ఇనుములోకి వెళ్లలేదు. నాన్న రెండు సెల్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఆ మొదటి గుసగుస ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. అమ్మకి మాత్రం ఒక నమ్మకం ఉంది. "ఇద్దరూ నాకేసి సూసి నవ్వినారు. పులుసు బాగుందని సెప్పుకుని ఉంటారు. అత్త నోటితో ఎప్పుడూ సెప్పలేదు గానీ, మనసులో ఉండేది" అంటుంది. ముప్పై ఏళ్లుగా అంటూనే ఉంది. మొన్న కొత్త మిషను పెట్టుకున్నాక మళ్లీ అడిగింది. "ఆ రోజు నువ్వు కిటికీ దగ్గరే ఉన్నావు కదరా, ఏటీ వినబడలేదా?" లేదమ్మా అన్నాను.

ఇప్పుడు ఒప్పుకోవలసిన చోటుకి వచ్చాం. షాకులు నాలుగు వందలు కావు. చీమలు ట్రాన్సిస్టరుని గుమ్మం దాకా మొయ్యలేదు, చాప అంచు దాకానే. ఎదురింటాయన చెప్పులు విడవలేదు. అవన్నీ సాగదీసినవే. అచ్చంగా అల్లింది ఒక్కటే: "నాకు తెలియదు" అన్నది.

పెట్టెకి రెండో సాకెట్టు స్పేరు కోసం పెట్టలేదు. దాంట్లోంచి ఒక సన్నటి తీగ నాన్నమ్మ పీట వెనకనుంచి, కిటికీ కిందనుంచి లోపలికి వచ్చింది. దాని చివర ఇంకో ఇయర్‌ఫోను, నా చెవిలో. గుసగుస వినబడుతోందో లేదో తెలుసుకోవాలి కదా! పరీక్ష కోసమే. అచ్చు బజ్జీలు కొన్నట్టే.

చిన నాన్నమ్మ అంది: "అప్పా, నీ కోడలు పులుసులో ఉప్పెయ్యడం మరిసిపోనాదే. నువ్వెలా తిన్నావు?"

నాన్నమ్మ పెట్టెలోకి వంగి అంది: "మూడేళ్లై ఇంతే. సెప్పుకోడానికి మనిషి లేక ఊరుకున్నాను."

ఇదంతా మా అమ్మ చదువుతుంది. నేను రాసిన ప్రతిదీ చదువుతుంది, కళ్లజోడు పెట్టుకుని. ఆ కళ్లజోడు కనబడటం లేదని పొద్దున్నుంచి ఇల్లంతా వెతుకుతోంది. అటక మీద, సబ్బు పెట్టె పక్కన ఉంది.